వైనతేయ చుట్టూ ఒక రౌండు: కోనసీమలో 50 కిలోమీటర్ల సైకిల్ రైడ్ ప్లాన్ చేసుకోవడం ఎలా

ఆల్ప్స్ లోయల్లో సైకిల్ తొక్కేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. నదికి ఒక ఒడ్డున ఎగువకు వెళ్తారు, ఎక్కడో వంతెన దాటుతారు, రెండో ఒడ్డున దిగువకు జారుకుంటూ వచ్చేస్తారు. మ్యాప్ తెరిస్తే వాళ్లు ముందు చూసేది ఎక్కుడు, అంటే మొత్తం ఎంత ఎత్తు ఎక్కాలన్నది. ఆ తర్వాతే దూరం. గోదావరి డెల్టాలో ఒక ఒడ్డున వెళ్లి రెండో ఒడ్డున వచ్చే పద్ధతి బ్రహ్మాండంగా పనికొస్తుంది కానీ, ఎక్కుడు లెక్క మాత్రం అక్కర్లేదు. వంతెన మీదికి ఎక్కడం, ఏటిగట్టు మీదికి ఎక్కడం, అంతే. ఇక్కడ కాళ్లను పరీక్షించేది గాలి. రౌండు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేదీ అదే.

ఇది నాకు తెలిసివచ్చిన రోజు బాగా గుర్తుంది. మార్చి నెల, మధ్యాహ్నం మూడింటికి అమలాపురంలో బయల్దేరి, గోదావరి పాయ వైనతేయ మీదున్న బోడసకుర్రు వంతెన ఎక్కాను. దక్షిణం నుంచి గాలి ఎదురుగా కొడుతోంది. గేరు దించుకుంటూ పోయినా గంటకు 10 కిలోమీటర్ల స్పీడు కూడా రాలేదు. వంతెన మధ్యలోనే ఆగిపోయి వెనక్కి వచ్చేశాను. ఇంటికొచ్చాక మా మావయ్య అడిగిన మొదటి మాట, "గాలి ఎటుందో చూసుకోకుండా ఎలా వెళ్లావురా అబ్బాయ్?" ఆయన చిన్నప్పటి నుంచీ పడవల రేవు పక్కనే పెరిగిన మనిషి. ఆ రోజు నుంచి ప్రతి రైడ్‌నూ గాలితోనే మొదలుపెట్టి ప్లాన్ చేస్తున్నాను. కింద చెప్పేది అలా తయారైన పద్ధతే. రోజూ కాస్తో కూస్తో సైకిల్ తొక్కే అలవాటు ఉండి, ఒక పూటలో ముగిసే రైడ్ కావాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను.

1. మ్యాప్‌లో ముందు వంతెనలు వెతకండి

ధవళేశ్వరం దిగువన గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ. వసిష్ఠ నుంచి పి.గన్నవరం ఎగువన వైనతేయ విడిపోతుంది. గౌతమికీ వసిష్ఠకూ మధ్య ఉన్న నేలే కోనసీమ. ఈ నేల మీద ఊరికీ ఊరికీ మధ్య రోడ్లకు లోటు లేదు. నదిని దాటించే చోట్లు మాత్రం కొన్నే. అందుకే ఊళ్లు ఎంచుకుని తర్వాత దారి వెతికితే మధ్యలో ఇరుక్కుంటారు. ముందు దాటే చోట్లు గుర్తు పెట్టుకుని, వాటి మధ్య ఊళ్లు కలుపుకుంటూ రావాలి.

గౌతమి మీద జాతీయ రహదారి 16లో జొన్నాడ వంతెన, కింద యానాం – ఎదుర్లంక వంతెన ఉన్నాయి. వసిష్ఠ మీద సిద్ధాంతం వంతెన, దిండి – చించినాడ వంతెన. వైనతేయ మీద పి.గన్నవరం అక్విడెక్టు (నది మీదుగా కాలవను దాటించే వంతెన, దాని మీద రోడ్డు కూడా ఉంది), బోడసకుర్రు – పాశర్లపూడి వంతెన. ఇవి కాక కోటిపల్లి – ముక్తేశ్వరం, సఖినేటిపల్లి – నరసాపురం రేవుల్లో పంటులు (మనుషుల్నీ బండ్లనీ నది దాటించే పెద్ద పడవలు) నడుస్తాయి. పంటు మీద సైకిల్ హాయిగా ఎక్కించుకోవచ్చు. కానీ గోదారికి వరదొస్తే పంటు ఆగిపోతుంది, చీకటి పడ్డాక నమ్ముకోవడానికి లేదు. మొదటి రైడ్‌కి పంటు పెట్టుకోవద్దనే చెబుతాను.

నేను సలహా ఇచ్చే రౌండు వైనతేయను రెండుసార్లు దాటుతుంది. అమలాపురం, అంబాజీపేట, పి.గన్నవరం, అక్విడెక్టు మీదుగా అవతలికి, అక్కడి నుంచి దక్షిణంగా తాటిపాక, తర్వాత జాతీయ రహదారి 216 పట్టుకుని మామిడికుదురు, పాశర్లపూడి, బోడసకుర్రు వంతెన, మళ్లీ అమలాపురం. మొత్తం 50 కిలోమీటర్ల పైచిలుకు. అప్పనపల్లి బాల బాలాజీ గుడికి పక్కదారి పట్టి వస్తే 60 దాకా అవుతుంది. మీరు ఎంచుకునే లోపలి రోడ్లను బట్టి రెండు మూడు కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది కాబట్టి ఫోన్‌లో ఒకసారి గీసి కొలుచుకోండి.

రూట్ గీసే యాప్ మొత్తం ఎక్కుడు వంద మీటర్లు, నూట యాభై మీటర్లు అని చూపిస్తే కంగారు పడొద్దు. చదును నేల మీద చిన్న చిన్న కొలత తప్పులన్నీ కూడుకుని అలా కనిపిస్తుంది. ఆ అంకెను పట్టించుకోనక్కర్లేదు.

2. గాలి లెక్క

ఎదురుగాలిని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. గాలి నిరోధం స్పీడుకు వర్గంలా పెరుగుతుంది. మీరు గంటకు 20 కిలోమీటర్ల స్పీడుతో వెళ్తున్నారు, ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి ఉందనుకోండి. మీ ఒంటికి తగిలే గాలి 35. గాలి లేని రోజుతో పోలిస్తే మిమ్మల్ని వెనక్కి నెట్టే బలం మూడు రెట్లు అవుతుంది. 15 కిలోమీటర్ల గాలి మనకు తుఫానేం కాదు, కొబ్బరి మట్టలు ఊగే మామూలు సాయంత్రం గాలే.

వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి, రెండూ సరిపోతాయిలే అనుకుంటాం. సరిపోవు. సగం దూరం 15 స్పీడుతో, మిగతా సగం 25 స్పీడుతో తొక్కితే 50 కిలోమీటర్లకు 2 గంటల 40 నిమిషాలు పడుతుంది. మొత్తం 20తో తొక్కితే 2 గంటల 30 నిమిషాలే. ఈ పది నిమిషాల తేడా కన్నా, ఎదురుగాలిలో కాళ్లు అలిసిపోవడం పెద్ద నష్టం. అందుకే ఎదురుగాలి భాగాన్ని రైడ్ మొదట్లోనే పెట్టుకోవాలి. అప్పుడు కాళ్లలో సత్తువ ఉంటుంది, పైగా తెల్లవారుజామున గాలి బలం కూడా తక్కువ.

ఎండ ఎక్కి నేల వేడెక్కాక సముద్రం వైపు నుంచి గాలి మొదలవుతుంది. సాయంత్రానికి బలపడుతుంది. మన వాళ్లు పైరగాలి అనేది దీన్నే. ఫిబ్రవరి నుంచి వేసవి దాకా ఇది దక్షిణం వైపు నుంచి వీస్తుంది. ఆ నెలల్లో నేను పైన చెప్పిన వరస సరిగ్గా సరిపోతుంది. పొద్దున్న గాలి లేనప్పుడు పడమరకు, దక్షిణానికి వెళ్లిపోతారు, తాటిపాక నుంచి ఈశాన్యంగా అమలాపురం వస్తుంటే గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది.

డిసెంబరు, జనవరి నెలల్లో కథ మారిపోతుంది. అప్పుడు గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. అమలాపురంలో మొదలుపెడితే వెళ్లేటప్పుడు సుఖం, వచ్చేటప్పుడు కష్టం. చాలామంది దీనికి రౌండును తిరగేస్తారు. దానివల్ల ఉపయోగం లేదు. ఎటు తిప్పినా అమలాపురం ఈశాన్యం మూలనే ఉంది, ఆఖర్న గాలికి ఎదురు రావాల్సిందే. మార్చాల్సింది మొదలుపెట్టే చోటు. ఆ రెండు నెలలూ తాటిపాకలోనో రాజోలులోనో మొదలుపెట్టండి. హైవే మీద బండ్లు తక్కువగా ఉండే వేళ పాశర్లపూడి, బోడసకుర్రు దాటేసి అమలాపురంలో టిఫిన్ చేసి, అంబాజీపేట, గన్నవరం మీదుగా వెనకగాలితో తాటిపాకకు దిగిపోవచ్చు. రౌండులో ఉన్న సుఖం ఇదే, ఏ ఊళ్లో మొదలుపెట్టినా అదే దారి.

ఒక్క జాగ్రత్త. అదే నెలల్లో పొగమంచు కూడా పడుతుంది. మంచు దట్టంగా ఉంటే హైవే ఎక్కకండి. అది విచ్చే దాకా టీ తాగుతూ కూర్చోండి, అరగంట ఆలస్యమైనా పర్వాలేదు.

ముందు రోజు రాత్రి వాతావరణం యాప్‌లో గాలి దిక్కు, స్పీడు గంట గంటకూ చూసుకోండి. "ఈశాన్యం" అని ఉంటే గాలి ఈశాన్యం నుంచి వస్తోందని అర్థం, అటు పోతోందని కాదు. ఇక్కడ పొరబడేవాళ్లను చాలామందిని చూశాను.

3. నెల, నీళ్లు, కోతలు

నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి కూడా ఫర్వాలేదు, తొమ్మిదిన్నరకల్లా ఇంట్లో ఉండగలిగితే. ఏప్రిల్, మే నెలల్లో ఎండ కన్నా ఉక్క ఎక్కువ ప్రమాదం, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అలవాటు లేనివాళ్లు 30 కిలోమీటర్లతో సరిపెట్టుకోవడం మంచిది.

జూలై, ఆగస్టుల్లో వానల కన్నా ఎగువ నుంచి వచ్చే వరద ముఖ్యం. కోనసీమలో చినుకు లేకపోయినా నది పొంగుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక వచ్చిందంటే లంకల్లోకి (నది మధ్య దీవుల్లోకి) వెళ్లే కాజ్‌వేలు, అంటే నీటిమట్టానికి దగ్గరగా వేసిన రోడ్లు, ఏటిగట్టు లోపలి రోడ్లు మీ ప్లాన్‌లో నుంచి తీసేయండి. రెండో హెచ్చరికకు రైడే మానేయండి. ఆ సమయంలో ఏటిగట్ల మీద కాపలా తిరిగేవాళ్లకు, ఊళ్లు ఖాళీ చేసేవాళ్లకు మనం అడ్డం పడకూడదు. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమ కొబ్బరి తోటల్ని ఎలా పడగొట్టిందో ఇక్కడ పెద్దవాళ్లను ఎవరిని అడిగినా చెబుతారు. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినిపిస్తే వాయిదా వేసుకోండి.

ఇంకొకటి వరి కోతలు. సార్వా (ఖరీఫ్) కోతల్లో, దాళ్వా (రబీ) కోతల్లో రోడ్డుకు ఒక పక్కంతా ధాన్యం ఆరబోస్తారు. రాత్రి బరకాలు కప్పి అంచుల్లో రాళ్లు పెడతారు. తెల్లవారుజామున ఆ రాళ్లు కనపడవు. ధాన్యం మీద టైరు ఎక్కిస్తే సైకిల్ జారుతుంది, రైతుకు నష్టం కూడా. ఆ రోజుల్లో అరగంట ఆగి వెలుతురు వచ్చాకే బయల్దేరండి.

సంక్రాంతికి వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కనుమ రోజున అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల ప్రభలన్నీ, అంటే దేవుణ్ణి ఊరేగించే ఎత్తైన అలంకరించిన కట్టడాలన్నీ, పొలాల్లోంచి, కాలవల్లోంచి భుజాల మీద వస్తాయి. ఆ రోజు ఈ దారిలో రైడ్ సాగదు. సైకిల్ ఇంట్లో పెట్టి తీర్థానికే వెళ్లండి.

4. రోడ్డు గురించి ఎవరిని అడగాలి

ఉపగ్రహ చిత్రంలో రోడ్డు ఉందో లేదో తెలుస్తుంది, ఎలా ఉందో తెలియదు. తారు రోడ్డు, సిమెంటు రోడ్డు, గ్రావెల్ పోసిన గట్టు, ఉత్త మట్టి గట్టు, అన్నీ పైనుంచి ఒకే గీతలా ఉంటాయి. ఏటిగట్టు మీద తొక్కడం ఎంతో అందంగా ఉంటుంది, ఒక పక్క నది, ఒక పక్క అరటి తోటలు. కానీ వాన పడిన రెండు రోజుల దాకా మట్టి గట్టు జోలికి పోవద్దు. డెల్టా మట్టి చక్రానికీ ఫోర్కుకీ మధ్య పేరుకుపోయి చక్రం తిరగనివ్వదు. నేను ఒకసారి రెండు కిలోమీటర్లు సైకిల్‌ని మోసుకుంటూ నడిచాను.

నాకు నమ్మకమైన సమాచారం ఇచ్చేది పాలవాళ్లు, పేపర్ వేసేవాళ్లు. వాళ్లు రోజూ తెల్లవారకముందే అవే రోడ్ల మీద రెండు చక్రాల బండి నడుపుతారు, గోతులన్నీ వాళ్లకు తెలుసు. "ఏవండీ, ఈ గట్టు మీద గన్నవరం దాకా సైకిల్ వెళ్తుందాండీ?" అని అడిగితే, "ఆయ్, వెళ్తాదండీ, కానీ లాకుల దగ్గర పనులు చేస్తన్నారు, కింద రోడ్డట్టుకెళ్లండి" అని పూర్తిగా చెబుతారు. ఈ జవాబు ఏ యాప్‌లోనూ దొరకదు. వేసవిలో కాలవలకు నీళ్లు కట్టేసినప్పుడు లాకులు (కాలవ నీటిని ఆపే తలుపులు), గట్ల మరమ్మతులు జరుగుతుంటాయి, అప్పుడు తప్పకుండా అడగండి.

5. సైకిల్

ఖరీదైన సైకిల్ అక్కర్లేదు. రోడ్ బైక్ అయితే 28 నుంచి 32 మిల్లీమీటర్ల టైర్లు ఉంటే సిమెంటు రోడ్ల అతుకుల దగ్గర చేతులు నొప్పి పుట్టవు. హైబ్రిడ్ సైకిల్ ఇంకా హాయి. గేర్లు కొండల కోసం కాదు గానీ, ఎదురుగాలిలో ఒక మెట్టు దించుకోవడానికి కావాలి. స్పీడు తగ్గినా సరే, పెడల్ తిరిగే వేగం తగ్గనివ్వకుండా తొక్కితే మోకాళ్లు బాగుంటాయి.

గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్లు ఉంటాయి, పంక్చర్ తప్పదనుకునే వెళ్లండి. రెండు ట్యూబులు, టైరు తీసే లీవర్లు, చిన్న పంపు వెంట ఉండాలి. ఊళ్లలో పంక్చర్ షాపులు ఉన్నాయి, కానీ సన్నటి ప్రెస్టా వాల్వుకు వాళ్ల పంపు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంటే ఆ టెన్షన్ తీరుతుంది. వెనక ఎర్ర లైటు పగలైనా వెలిగించే ఉంచండి.

6. నీళ్లు, తిండి

గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు తాగాలి. రెండు సీసాలు నింపుకోండి. కొబ్బరి బొండాలు దారి పొడుగునా దొరుకుతాయి, నిశ్చింతగా తాగండి, కానీ అదొక్కటే చాలదు. బొండం నీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. మన చెమటలో నీళ్లతో పాటు పోయేది ఎక్కువగా ఉప్పు. అందుకే ఒక సీసాలో ఓఆర్ఎస్ కలుపుకోండి, లేదా ఉప్పేసిన మజ్జిగ తాగండి.

అంబాజీపేటలో పొట్టిక్కలు తినకుండా ముందుకు పోవద్దు. పనసాకుల బుట్టల్లో ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ పిండి, ఆకు వాసన పట్టి ఉంటుంది. రెండు తింటే గన్నవరం దాటి తాటిపాక దాకా ఆకలి అనిపించదు. కడుపు నిండా తిని తొక్కడం మాత్రం కష్టం, కాబట్టి రెండే.

7. ఆ రోజు

ఫిబ్రవరి అనుకుందాం. ఆరింటికి అమలాపురంలో బయల్దేరండి. అంబాజీపేట దాకా మెల్లగా, 15, 16 స్పీడు చాలు. కొబ్బరి మార్కెట్‌కి పెట్టింది పేరు కాబట్టి ఊరి దగ్గర లారీలు, కొబ్బరికాయల ట్రాక్టర్లు తగులుతాయి. తోటల మధ్య వెళ్లేటప్పుడు ఎక్కడైనా కొబ్బరికాయల దింపు జరుగుతుంటే ఆ చెట్ల కింద ఆగకండి. ఫొటో కోసమైనా సరే.

గన్నవరంలో ట్రాఫిక్ దాటగానే అక్విడెక్టు. ఇక్కడ పావుగంట కేటాయించండి. కింద వైనతేయ పోతుంటుంది, దాని మీదుగా కాలవ పోతుంటుంది. నది మీద నదిలాగా. కాటన్ దొర ఆనకట్ట కట్టిన రోజుల్లోనే, 1852 ప్రాంతంలో ఇక్కడ మొదటి అక్విడెక్టు వచ్చింది. వైనతేయ అవతల ఉన్న లంకభూములకు గోదావరి నీళ్లు అందింది దాని వల్లే. ఆ పాతది శిథిలమయ్యాక కొత్తది కట్టి 2000లో తెరిచారు. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో దారిన పోయే ప్రతివాళ్లకూ వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. నది దాటించే కట్టడానికి ఆవిడ పేరు ఉండటం నాకు ఎంతో ఇష్టం. అక్కడ నిలబడి నీళ్లు తాగినప్పుడల్లా తలుచుకుంటాను. సైకిల్ మాత్రం రోడ్డు మీద ఆపకండి, దాటాక పక్కకు తీసి నడిచి వెనక్కి వచ్చి చూడండి.

అక్కడి నుంచి తాటిపాక దాకా ఈ రౌండులో నాకు అన్నిటికన్నా నచ్చే భాగం. తోటలు, వరిచేలు, చిన్న ఊళ్లు, బడికి వెళ్లే పిల్లల సైకిళ్లు. స్పీడ్ బ్రేకర్లకు రంగు ఉండదు, ఊరు మొదలైందంటే బ్రేకుల మీద వేళ్లుంచండి. తాటిపాక చేరేసరికి సుమారు ముప్పై కిలోమీటర్లు అయినట్టు. ఎనిమిదిన్నర దాటకూడదు. దాటిందంటే అప్పనపల్లి మానుకుని నేరుగా వెళ్లండి.

తర్వాత హైవే. ఎడమ అంచున, ఒకరి వెనక ఒకరు. చేపల లారీల నుంచి కారే నీళ్ల మీద బ్రేకు గట్టిగా వేయొద్దు, జారుతుంది. పాశర్లపూడి పేరు వింటే మీకు 1995 గుర్తొస్తుంది, ఆ ఏడాది జనవరి 8న గ్యాస్ బావి పేలి 65 రోజులు మండింది. ఇప్పుడు చూస్తే పచ్చటి చేలే. బోడసకుర్రు వంతెన మీద గాలి పక్క నుంచి కూడా కొడుతుంది, వంతెన అతుకుల దగ్గర హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకోండి. పెద్ద లారీ పక్క నుంచి దాటినప్పుడు ఒక్క క్షణం గాలి ఆగి మళ్లీ ఒక్కసారిగా తోస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. వంతెన దిగితే అమలాపురం ఇంకెంతో లేదు. పదింటిలోపు ఇంట్లో ఉంటారు.

మధ్యలో ఒంట్లో బాగోలేకపోతే మొండికేయొద్దు. తల తిరగడం, చెమట ఆగిపోవడం, వణుకు రావడం, వీటిలో ఏది వచ్చినా నీడలో కూర్చోండి, అవసరమైతే 108కి ఫోన్ చేయండి. సైకిల్ పాడైతే హైవే మీద ట్రాలీ ఆటోలు దొరుకుతాయి.

8. ఇంటికొచ్చాక, తర్వాతి రౌండుకు

ఈ రౌండులో సముద్రం కనపడదు గానీ ఉప్పుగాలి ఉంటుంది. అదే రోజు చైను తుడిచి నూనె వేయకపోతే మూడో రోజుకు తుప్పు కనిపిస్తుంది. ఒక నోట్‌బుక్‌లో తేదీ, గాలి దిక్కు, ఏ ఊరికి ఎన్నింటికి చేరారో రాసుకోండి. నాలుగైదు రైడ్‌లు అయ్యేసరికి ఏ నెలలో రౌండు ఎక్కడ మొదలుపెట్టాలో మీ పుస్తకమే చెబుతుంది.

ఇది రెండు మూడుసార్లు సులువుగా తిరిగాక గౌతమి రౌండు వేయండి. అమలాపురం నుంచి ముక్తేశ్వరం, పంటు మీద కోటిపల్లి, ద్రాక్షారామం, యానాం, ఎదుర్లంక వంతెన, ముమ్మిడివరం, అమలాపురం. 75 కిలోమీటర్లు అటూ ఇటుగా ఉంటుంది. అందులో పంటు ఉంది కాబట్టి ముందు రోజు సాయంత్రమే రేవుకు ఫోన్ చేయించో, మనిషిని అడిగించో మొదటి పంటు ఎన్నింటికో తెలుసుకోండి. దానికి పావుగంట ముందే రేవులో ఉంటే బండ్లు ఎక్కే తొక్కిసలాట లేకుండా సైకిల్‌ని అంచు రెయిలింగుకు ఆనించి కట్టుకోవచ్చు. దాటే ఆ కాసేపూ కాళ్లకు విశ్రాంతి.